ఎన్‌కంబ్రెన్స్ అంటే భూమి మోసే బరువు: మాట నేర్చుకుని ఈసీ చదవడం ఎలా

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో భూమి కొన్నవాళ్ళనీ, అమ్మినవాళ్ళనీ, ఇంటి మీద బ్యాంకు లోను తీసుకున్నవాళ్ళనీ ఎవరిని కదిపినా ‘ఈసీ’ అనే మాట వస్తుంది. ఈసీ పెట్టాం, ఈసీ తీశాం, ఈసీ క్లియర్‌గా ఉంది అంటారు. అందులో మొదటి అక్షరం ఏ మాటదని అడిగితే మాత్రం చాలామంది ఆగిపోతారు. ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్‌కి అది పొట్టి రూపం, ఒక ఆస్తి మీద రిజిస్టరైన దస్తావేజుల వివరాలు చూపే కాగితం. ఎన్‌కంబ్రెన్స్ అర్థం తెలియనప్పుడు ఆ కాగితాన్ని హక్కు పత్రం అనుకుంటారు, నిల్ అని (నమోదేమీ దొరకలేదని) వస్తే గండం గడిచిందనుకుంటారు. ఆ రెండూ పొరపాట్లే. లా చదివే పిల్లలకీ, దస్తావేజు లేఖరుల దగ్గర పని నేర్చుకునేవాళ్ళకీ, సొంతానికి నాలుగు సెంట్లు కొనుక్కునేవాళ్ళకీ ఈ ఒక్క మాట గట్టిగా వస్తే భూమి కాగితాలు సగం అర్థమైనట్టే.

ముందు నోటికి, చేతికి అలవాటు చేసుకోవాలి

ఎన్-కం-బ్రెన్స్. మూడే ముక్కలు, ఒత్తి పలకాల్సింది నడిమి ముక్కని. ‘ఎంకంబరెన్స్’ అని నాలుగు ముక్కలు చేసి పలికేవాళ్ళు ఎక్కువ. దానికి కారణం ఉంది. క్రియ రూపం ఎన్‌కంబర్. అందులో ‘బర్’ వినిపిస్తుంది కాబట్టి నామవాచకంలో కూడా ఉంటుందనుకుంటాం. నామవాచకంలో బి, ఆర్ అక్షరాల మధ్య ఇ ఉండదు. వరసగా ఇ, ఎన్, సి, యు, ఎం, బి, ఆర్, ఎ, ఎన్, సి, ఇ: మొత్తం 11 అక్షరాలు. డీటీపీ సెంటర్లలో టైపు చేయించినప్పుడు ఇంకో ఇ దూరే చోటు ఇదే, సంతకం పెట్టే ముందు అక్కడ ఒకసారి చూడండి.

1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టంలో ఇదే మాట ఐ అక్షరంతో మొదలవుతుంది. అది పాత స్పెల్లింగు, మాట ఒక్కటే. పరీక్షలో చట్టం నుంచి వాక్యం ఎత్తి రాస్తే ఐ, సొంత వాక్యం రాస్తే ఇ. ఇన్‌కంబెంట్ మాత్రం పూర్తిగా వేరే మాట. పదవిలో ఉన్నవాడని దాని అర్థం, పుట్టుక కూడా వేరు. చెవికి దగ్గరగా వినిపిస్తుంది కదా అని ఒకటనుకోవద్దు.

మాటలో ఉన్న బొమ్మ

పాత ఫ్రెంచిలో ‘కోంబ్ర్’ అంటే ఏటికి అడ్డంగా వేసిన కట్ట, నీటిని ఆపే అడ్డు. దాన్నుంచే ఎన్‌కంబర్ వచ్చింది. నాగావళి, వంశధార ఒడ్డున పెరిగినవాళ్ళకి ఈ బొమ్మ విడిగా గీసి చూపించక్కర్లేదు. నారాయణపురం ఆనకట్ట దగ్గరో, గొట్టా బ్యారేజీ దగ్గరో నిలబడితే చాలు. ఏరు ఏరుగానే ఉంది, దాని పేరూ మారలేదు. కానీ నీరు కిందికి పోవాలంటే ఆ కట్టని దాటే పోవాలి. ఎన్‌కంబ్రెన్స్ ఉన్న భూమీ అంతే. యజమాని యజమానే, పట్టా అతని పేరు మీదే ఉంటుంది. అమ్మబోయినా రాసి ఇవ్వబోయినా మధ్యలో ఇంకొకరి హక్కు అడ్డు ఉంటుంది. దాన్ని తొలగించాలి, లేదా ఉన్నదున్నట్టు కొనేవాడు ఒప్పుకోవాలి.

తెలుగు దస్తావేజుల్లో దీన్ని ఋణభారం అని రాస్తున్నారు. వాడుకలో స్థిరపడిన మాటే. అయితే ‘ఋణం’ ముందు రావడంతో ఇది అప్పుకి సంబంధించిన విషయం మాత్రమే అనిపిస్తుంది. అప్పుతో ఏ సంబంధమూ లేని బరువులు కూడా ఉంటాయి. మనసులో ‘భూమి మీది భారం’ అని పెట్టుకుంటే అర్థం దారి తప్పదు.

మూడు ప్రశ్నల పరీక్ష

ఒక విషయం ఎన్‌కంబ్రెన్సో కాదో తేల్చడానికి ఈ వరసలో అడగండి. అది మనిషిని పట్టుకుందా, ఆస్తిని పట్టుకుందా? యజమాని కాకుండా ఇంకొకరికి ఆ ఆస్తిలో హక్కు ఉందా? ఆస్తి చేతులు మారితే ఆ హక్కు కూడా వెంట వస్తుందా? అసలు పరీక్ష మూడోదే. మొదటి రెండూ దానికి దారి.

అమ్మేవాడు ఊళ్ళో ప్రామిసరీ నోటు మీద 2 లక్షలు అప్పు చేశాడనుకుందాం. ఆ అప్పు మనిషిది. పొలం కొన్నవాడి దగ్గరికి నోటు పట్టుకుని ఎవరూ రాలేరు. కాబట్టి ఎన్‌కంబ్రెన్స్ కాదు. అదే అప్పుకి పొలాన్ని రిజిస్టరు తనఖా పెడితే ఔతుంది, పొలం ఎవరి చేతికి పోయినా తనఖా దాన్ని అంటుకునే ఉంటుంది. నోటు అప్పు మీద దావా పడి, కోర్టు ఆ పొలాన్ని జప్తు చేస్తే అప్పుడూ భారమే. జప్తు తర్వాత జరిగిన అమ్మకం, ఆ జప్తు కింద తేలాల్సిన బాకీ ముందు చెల్లదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 64వ సెక్షన్ చెబుతుంది. ఒకే అప్పు ఒక దశలో ఎన్‌కంబ్రెన్స్ కాదు, ఇంకో దశలో ఔతుంది. మాట మీద పట్టు దొరికేది ఇలాంటి చోటే.

అప్పు లేని భారాలు చూడండి. వెనక చేను వాళ్ళు తరాలుగా మీ గట్టు మీంచి బండి తోలుకుంటున్న దారి హక్కు ఒకటి. 5 ఏళ్ళకి రిజిస్టరు చేసి ఇచ్చిన లీజు ఇంకొకటి. తల్లి తన జీవితాంతం అనుభవించే హక్కు ఉంచుకుని కొడుక్కి సెటిల్‌మెంట్ రాస్తే, కొడుకు అమ్మినా కొన్నవాడు ఆవిడ హక్కుకి లోబడాల్సిందే. కోర్టులో ఆ ఆస్తి మీదే దావా నడుస్తుంటే, ఆస్తి బదలాయింపు చట్టం 52వ సెక్షన్ ప్రకారం కొన్నవాడికి ఆ తీర్పు తప్పదు. కొందరు వకీళ్ళు ఎన్‌కంబ్రెన్స్‌ని డబ్బుతో ముడిపడ్డ భారాలకే కుదిస్తారు. కొనేవాడి వైపు నుంచి చూస్తే విశాలమైన అర్థమే పనికొస్తుంది.

దగ్గరి చుట్టాలని కలిపేయకండి

మార్ట్‌గేజ్, చార్జ్, లీన్, ఈజ్‌మెంట్, అటాచ్‌మెంట్ అనేవి విడివిడి రకాలు. ఎన్‌కంబ్రెన్స్ వాటన్నిటికీ కలిపి గొడుగు మాట. మార్ట్‌గేజ్‌లో ఆస్తిలోని ఒక హక్కు అప్పిచ్చినవాడికి బదిలీ ఔతుంది, అది అదే చట్టం 58వ సెక్షన్. చార్జ్‌లో బదిలీ ఉండదు, ఫలానా సొమ్ముకి ఈ ఆస్తి పూచీ అని మాత్రమే ఉంటుంది, అది 100వ సెక్షన్. లీన్ అంటే బాకీ తీరేదాకా వస్తువునో కాగితాన్నో తన దగ్గర ఆపుకునే హక్కు. లయబిలిటీ మాత్రం మనిషి మీది బాధ్యత, ఈ గొడుగు కిందికి రాదు. ‘హీ హాజ్ మెనీ ఎన్‌కంబ్రెన్సెస్’ అని ఒక మనిషి అప్పుల గురించి లీగల్ నోటీసులో రాస్తే తప్పు. అక్కడ లయబిలిటీస్ అనాలి.

వాక్యంలో ఎలా కూర్చోవాలి

ఈ మాటకి కొన్ని స్థిరమైన తోడు మాటలున్నాయి. భారం పెట్టడానికి క్రియేట్, తీర్చడానికి డిశ్చార్జ్ లేదా క్లియర్. ఆస్తి మీద అనడానికి ఆన్. భారం లేకుండా అంటే ఫ్రీ ఫ్రమ్ ఆల్ ఎన్‌కంబ్రెన్సెస్, భారంతో సహా అంటే సబ్జెక్ట్ టు ది మార్ట్‌గేజ్. విశేషణంగా ఎన్‌కంబర్డ్, అన్‌ఎన్‌కంబర్డ్. లెక్కపెట్టగలిగే మాట కాబట్టి బహువచనం వస్తుంది. ‘ఆల్’ తర్వాత ఏకవచనం రాయకండి.

‘ఫ్రీ ఫ్రమ్’, ‘సబ్జెక్ట్ టు’ మధ్య తేడా డబ్బుతో కొలవాల్సిన తేడా. 55వ సెక్షన్ ప్రకారం, భారాలకి లోబడి అమ్ముతున్నానని చెప్పని సందర్భంలో, అమ్మే నాటికి ఉన్న భారాలన్నిటినీ తీర్చాల్సింది అమ్మేవాడే. భారం లేకుండా అమ్మిన పక్షంలో ఏదైనా తేలితే, కొనేవాడు ఆ మేరకి సొమ్ము ఆపుకుని, రావాల్సినవాళ్ళకి తనే కట్టవచ్చు. ‘సబ్జెక్ట్ టు’ అని రాసి సంతకం పెట్టాక ఈ రక్షణ ఉండదు. ఇంగ్లీషు డ్రాఫ్టులో ఈ రెండు మాటల్లో ఏది ఉందో వేలు పెట్టి వెతకండి.

మన వైపు తెలుగు క్రయ దస్తావేజుల్లో ఈ షరతు సుమారు ఇలా ఉంటుంది: ‘సదరు ఆస్తిపై ఇదివరలో ఎట్టి అన్యాక్రాంతములు, తనఖాలు, కోర్టు జప్తులు, జీవనభృతి హక్కులు వగైరా ఋణభారములు లేవనియు, మున్ముందు ఏవైనా బయల్పడినచో నా స్వంత ఖర్చులతో పరిష్కరించి ఇవ్వగలవాడననియు...’ ఒక్కో మాటని ఇంగ్లీషులోకి మార్చి చూడండి. అన్యాక్రాంతం ఏలియనేషన్, తనఖా మార్ట్‌గేజ్, జప్తు అటాచ్‌మెంట్, జీవనభృతి మెయింటెనెన్స్. ‘వగైరా’ అన్న చోట గొడుగు మాట వచ్చి కూర్చుంది. ఈ ఒక్క వాక్యాన్ని రెండు వైపులా తిప్పి రాయగలిగితే మాట మీ సొంతమైనట్టే.

ఇంకో అలవాటు సరిచేసుకోవాలి. ‘ఎన్‌కంబ్రెన్స్ పట్టుకురండి’ అని మాటవరసకి సర్టిఫికెట్‌నే అనేస్తారు. మాట్లాడేటప్పుడు నడిచిపోతుంది. దరఖాస్తులో మాత్రం సర్టిఫికెట్ అన్న మాట వదలకూడదు. అలాగే భారం లేకుండా ఉండేది ఆస్తి, సర్టిఫికెట్ కాదు. ‘ది ప్రాపర్టీ ఈజ్ ఫ్రీ ఫ్రమ్ ఎన్‌కంబ్రెన్సెస్’ అని రాయాలి.

ఇప్పుడు ఈసీని ముందు పెట్టుకోండి

మీ ఇంటి ఈసీయే తీయండి. మీసేవలోనో, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోనో, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోనో వస్తుంది. కంప్యూటర్‌లో దొరికేది 1983 నుంచి. అంతకు ముందువి కావాలంటే ఆఫీసులో ఇండెక్సు పుస్తకాలు వెతికించాలి. ఇండెక్స్ 1 మనుషుల పేర్లతో, ఇండెక్స్ 2 ఊరూ ఆస్తీ వివరాలతో ఉంటాయి.

కాగితం పైభాగంలో మీరు వెతకమన్న ఆస్తి, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్నది ఉంటుంది. చాలామంది ఇక్కడ చూడకుండా కింది పట్టికలోకి దిగిపోతారు. సర్వే నంబరులో ఒక్క అంకె మారినా నిల్ అని రావచ్చు, అది వేరే భూమికి నిల్. సబ్ డివిజన్, విస్తీర్ణం, నాలుగు హద్దులు మీ లింకు దస్తావేజుతో (ఆస్తి ఎలా చేతికొచ్చిందో చూపే పాత దస్తావేజుతో) పక్కపక్కన పెట్టి చూసుకోండి.

పట్టికలో ఆస్తి వివరం, తేదీలు, దస్తావేజు రకం, విలువలు, పార్టీల పేర్లు, దస్తావేజు నంబరు వరసగా వస్తాయి. పేర్ల ముందు ఇంగ్లీషు పొట్టి అక్షరాలుంటాయి. ఈఎక్స్ అంటే రాసి ఇచ్చినవాడు, సీఎల్ అంటే రాయించుకున్నవాడు. తనఖా అయితే ఎంఆర్, ఎంఈ అని వస్తాయి, మార్ట్‌గేజర్ పెట్టినవాడు, మార్ట్‌గేజీ పుచ్చుకున్నవాడు. ఓఆర్‌తో ముగిసేవాడు ఇచ్చేవాడు, డబుల్ ఈతో ముగిసేవాడు పుచ్చుకునేవాడు. లెస్సర్, లెస్సీ కూడా అంతే. ఈ ఒక్క కిటుకుతో పది మాటలు వస్తాయి.

ఒక పెన్సిల్ తీసుకుని ప్రతి వరస పక్కనా ‘చేతి మార్పు’ అనో ‘భారం’ అనో రాయండి. 40 సెంట్లకి మూడు వరసలు వచ్చాయనుకుందాం. 1996లో క్రయం: చేతి మార్పు. 2011లో బ్యాంకుకి తనఖా: భారం. 2019లో భాగ పంపకం: చేతి మార్పు. దీన్ని బట్టి ఈసీలో ఉన్న ప్రతి వరసా ఎన్‌కంబ్రెన్స్ కాదని తేలింది కదా. 2011 వరస పక్కన ఇంకో ప్రశ్న రాయండి: విడుదల ఎక్కడ? లోను తీర్చేశాం, బ్యాంకు నో డ్యూస్ ఇచ్చిందని అమ్మేవాడు నిజమే చెప్తుండొచ్చు. కానీ రిజిస్టరైన తనఖాకి తనఖా విడుదల దస్తావేజో, చెల్లు రసీదో కూడా రిజిస్టరు కావాలి. అది అయ్యాక కూడా 2011 వరస చెరిగిపోదు, దాని కింద విడుదల వరస ఒకటి కొత్తగా వస్తుంది. రెండు వరసలూ కనిపించడమే సరైన ఈసీ. పాత వరస ఇంకా ఉందేమిటని కంగారు పడక్కర్లేదు, విడుదల వరస లేకపోతేనే ఆగాలి.

ఎన్నేళ్ళకి తీయాలి? తనఖా పుచ్చుకున్నవాడు ఆస్తి మీద సొమ్ము రాబట్టుకునే దావాకి గడువు 12 ఏళ్ళు, తనఖా పెట్టినవాడు విడిపించుకునే దావాకి 30 ఏళ్ళు, 1963 లిమిటేషన్ చట్టం ప్రకారం. అందుకే 30 ఏళ్ళకి తగ్గకుండా తీయడం మంచిది. పది, పన్నెండేళ్ళ ఈసీ చూసి తృప్తి పడితే, పాత స్వాధీన తనఖా (భూమిని అప్పిచ్చినవాడి చేతికే ఇచ్చే తనఖా) కింద తాతల నాడు చేయి మారిన పల్లం కనిపించకుండా పోతుంది.

నిల్ వచ్చినా మిగిలే భారాలు

‘ఏటండీ బాబూ, ఈసీ నిల్ వచ్చింది కదా, ఇంకేటి భయం?’ అని దస్తావేజు లేఖరి దగ్గర తరచుగా వినిపిస్తుంది. నిల్ అంటే అడిగిన కాలంలో, అడిగిన ఆస్తి మీద, ఆ ఆఫీసు పుస్తకాల్లో నమోదు దొరకలేదని. భారం లేదని కాదు. ఈసీ చూసేది ప్రధానంగా ఒకటో నంబరు పుస్తకాన్ని, అంటే స్థిరాస్తి దస్తావేజుల రిజిస్టరుని. వీలునామాలు మూడో పుస్తకంలో ఉంటాయి. చనిపోయిన తండ్రి రిజిస్టరు వీలునామా రాసినా మీ ఈసీలో కనిపించకపోవచ్చు. రిజిస్టరు కాని అమ్మకం అగ్రిమెంటు, నోటి మాట మీద ఏడాది కౌలు, నోటి పంపకాలు, దారి హక్కులు, భరణం హక్కు, పంచాయతీకి పడ్డ ఇంటి పన్ను బకాయి, ఇవేవీ కనిపించవు. పంట రుణాల చార్జ్‌ని బ్యాంకులు రెవెన్యూ వారి వెబ్‌ల్యాండ్‌లో నమోదు చేస్తాయి కాబట్టి ఆ శాఖ భూమి రికార్డులైన 1బీ, అడంగల్ తీసి చూడాలి. కోర్టు దావాలకి ఈ-కోర్ట్స్ సైటులో అమ్మేవాడి పేరుతో వెతకాలి. పేరు స్పెల్లింగు రెండు మూడు రకాలుగా కొట్టి చూడండి.

ఇంకో విషయం ఉంది, అనుభవం ఉన్నవాళ్ళు కూడా మరిచేది. దస్తావేజు రాసిన నాటి నుంచి 4 నెలల్లోపు రిజిస్ట్రేషన్‌కి పెట్టుకోవచ్చు. రిజిస్టరయ్యాక అది రాసిన తేదీ నుంచే చెల్లుతుందని 1908 రిజిస్ట్రేషన్ చట్టం 47వ సెక్షన్. అంటే జూన్‌లో ఒకరికి రాసి సంతకం పెట్టిన కాగితం ఆగస్టులో మీరు తీసిన ఈసీలో ఉండదు. సెప్టెంబరులో అది రిజిస్టరైతే మీ ఆగస్టు కొనుగోలుకి ముందుదౌతుంది. దీనికి మందు, అమ్మేవాడి దగ్గర అసలు లింకు దస్తావేజులు చేతిలో ఉన్నాయో లేదో చూడడం, జిరాక్సుతో సరిపెట్టుకోకపోవడం. పొలం దగ్గరకెళ్ళి ఎవరు దున్నుతున్నారో, ఏ హక్కు మీద దున్నుతున్నారో అడగడం. రిజిస్ట్రేషన్ రోజు ఉదయం ఇంకోసారి ఈసీ తీయడం.

మన జిల్లాల చిక్కు

1950లో విశాఖపట్నం నుంచి శ్రీకాకుళం, 1979లో విజయనగరం జిల్లా, 2022లో మళ్ళీ పునర్విభజన. రాజాం వైపు మండలాలు శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వచ్చాయి. జిల్లాలతో పాటు కాకపోయినా, ఏళ్ళ తరబడి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల పరిధులు కూడా మారుతూ వచ్చాయి. మీ ఊరు ఇదివరకు ఏ ఆఫీసు కింద ఉండేదో పాత దస్తావేజు మీది ముద్రలో ఉంటుంది. ఆ పేరు ఇప్పటి ఆఫీసు పేరుతో కలవకపోతే, పాత కాలానికి ఆ ఆఫీసులో కూడా వెతికించాలి.

రీసర్వే అయిన ఊళ్ళలో సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. కొత్త నంబరుతో ఒక్కటే వెతికితే పాత తనఖా పాత సర్వే నంబరు కిందే ఉండిపోయి కనిపించకపోవచ్చు. రెండు నంబర్లతోనూ విడివిడిగా ఈసీ తీయండి. ఎస్టేటు గ్రామాల్లో ఇంకా వెనక్కి వెళ్ళాలంటే ఈసీ సరిపోదు. జమీందారీల రద్దు తర్వాత తయారైన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్‌లో ఆ నంబరు జిరాయితీగా (రైతు సొంత హక్కు భూమిగా) ఉందో, ప్రభుత్వానిదిగా ఉందో చూడాలి. ప్రభుత్వ భూమి అయితే అది ఎన్‌కంబ్రెన్స్ విషయమే కాదు, అమ్మేవాడికి అసలు హక్కే లేదన్నమాట. 22ఎ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ ఆపిన భూముల జాబితాలో) ఉన్నవాటినీ, ప్రభుత్వం పేదలకిచ్చిన డీపట్టా భూములనీ కూడా అమ్మే హక్కు ఉందో లేదో ముందే తేల్చుకోవాలి. టైటిల్ లోపానికీ ఎన్‌కంబ్రెన్స్‌కీ తేడా ఇక్కడే: హక్కు ఉండి దాని మీద బరువు ఉంటే ఎన్‌కంబ్రెన్స్, హక్కే లేకపోతే డిఫెక్ట్ ఇన్ టైటిల్. లీగల్ ఒపీనియన్ చదివేటప్పుడు ఈ రెండు మాటల్లో ఏది రాశారో చూడండి. మొదటిదాన్ని డబ్బు కట్టో, విడుదల రాయించుకునో తొలగించుకోవచ్చు. రెండోది అలా తీరేది కాదు, బయానా ఇవ్వకముందే తేలాలి.